చావని ఎరుపు

అక్క చూస్తుండగానే అక్క బోర్డు మీద తెల్లరంగు పూశాడు పెయింటరు.

బోర్డంటే చెక్కా కాదు, రేకూ కాదు. హోటలు తలుపు మీద గోడకే, ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసిన ఎర్రటి అక్షరాలు: అక్క హోటలు. పదహారేళ్ల కింద వాటిని రాసింది అతనే. ఇప్పుడు నిచ్చెనెక్కి, వెడల్పాటి బ్రష్షుతో ఒక్కో అక్షరాన్నీ మింగేస్తున్నదీ అతనే. రోడ్డుకు ఆ పక్కన అక్క నిలబడి ఉంది. మిగిలిన సామాను తీసుకుపోవడానికి వచ్చిందేమో, చంకలో పెద్ద గిన్నె, చేతిలో గరిటెల కట్ట. పక్కనే బావ, నెత్తిమీద బల్ల బోర్లించుకుని.

"ఎవడో అనుకున్నాను," అంది అక్క, వీధంతా వినేలా. "మా అమ్మ కడుపున పుట్టినవాడేనా!"

పెయింటరు వెనక్కి తిరగలేదు.

"మాట్లాడవేంరా? రంగు గానీ నోట్లో పోసుకున్నావా?"

"పోనీవే," అన్నాడు బావ బల్ల కింద నుంచి. "నా మెడ విరిగేలా ఉంది. ఇంటికెళ్లి తిట్టుకుందాం."

"ఇంటికెళ్లి ఎవణ్ని తిట్టను? ఈ పూటతో సరి. నాకు తమ్ముడు లేడు."

అంది, వెళ్లిపోయింది. అన్న మాట మీద నిలబడే మనిషి. మూడేళ్లు నిలబడింది.

ఆ వీధిలో షాపుల పేర్లన్నీ ఒకప్పుడు అతని చేతిలోంచి వచ్చినవే. గడియారాల షాపు గోడ మీద పదీ పది చూపించే గడియారం వేశాడు. దాన్ని నమ్ముకుని బస్సు తప్పిపోయినవాళ్లున్నారు. టైలరు షాపుకు నోరు తెరిచిన కత్తెర వేస్తే, అది తన కొట్టు వైపే తెరుచుకుని ఉందని పక్కింటి మందుల షాపాయన తగాదాకొచ్చాడు. సరేనని మూసిన కత్తెర వేసిచ్చాడు. కత్తెర మూసుకున్నందుకే గిరాకీ మూసుకుపోయిందని టైలరు ఏడాదిపాటు సాధించాడు. అద్దెకు పుస్తకాలిచ్చే కొట్టుకు తెరిచిన పుస్తకం బొమ్మ. అందులో చీమతలంత అక్షరాలతో నిజంగానే నాలుగు వాక్యాలు రాశాడు. ఒక్కడూ మెడ ఎత్తి చదవలేదు. చదవనివాళ్ల మీద అతనికి ఆనాటి నుంచే కోపం.

అన్నిటిలోకీ ఇష్టంగా రాసింది మాత్రం అక్క హోటలే. అక్క అతనికన్నా తొమ్మిదేళ్లు పెద్ద. అమ్మ పోయాక అతనికి తల దువ్వింది, తలంటింది, తల వాచేలా చివాట్లు పెట్టింది. పెళ్లయ్యాక బావ, ఆమె కలిసి ఆ మూలగది అద్దెకు తీసుకుని ఆరు బల్లలు వేశారు. తిన్నవాళ్లంతా ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లు. డెబ్బై ఏళ్ల వడ్రంగి తాత కూడా కంచం ముందు కూర్చుంటే, "అక్కా, ఇంకొంచెం కూర," అనేవాడు. గోడ మీద ఏం రాయాలన్న మాట వచ్చినప్పుడు బావ రాజభవనాల పేర్లు నాలుగు చెప్పాడు.

"ఆ పేరు పెడితే లోపలికొచ్చి సింహాసనం ఏదని అడుగుతారు," అంది అక్క.

పెయింటరు ఇద్దర్నీ అడగలేదు. జనం పిలిచేదే రాశాడు.

గది షావుకారుది. ఎదురుగా ఆయన బట్టల షాపు. పదహారేళ్లు మాట మీదే నడిచింది వ్యవహారం, కాగితం లేదు. ఒకరోజు ఆయన వచ్చి పైకప్పు వంక చూసి నాలుక చప్పరించాడు. "కారుతోందమ్మా. రెండు నెలలు ఖాళీ చెయ్యండి. బాగు చేయించి మళ్లీ మీ చేతికే ఇస్తాను." అక్క నమ్మింది. రెండు నెలలు తిరిగేసరికి కప్పు కింద కొత్త కప్పు, నేలకు నున్నటి రాళ్లు, తలుపులకు అద్దాలు వచ్చాయి. గల్లాపెట్టె దగ్గర షావుకారు అల్లుడు కూర్చున్నాడు.

"అల్లుడు ఖాళీగా ఉన్నాడమ్మా," అన్నాడు షావుకారు. "అందరికీ అక్కవి, నువ్వే అర్థం చేసుకోకపోతే ఎలా?"

కడుపులో కత్తి దింపి, పైగా క్షేమం అడగడమంటే అదే. అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడు పెయింటరుకు కబురు పంపాడు. "రాసింది నువ్వే కదయ్యా, చెరిపేదీ నువ్వే అయితే సరిపోతుంది. బయటివాడెందుకు?" అని, తన హాస్యానికి తనే నవ్వాడు. భుజాన వేలాడే కొలత టేపు ఆ నవ్వుకు ఊగింది.

పెయింటరుకు రంగు డబ్బా తీసి ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. చెయ్యి డబ్బా మీదికి పోయింది కూడా. అప్పుడే ఒక సంగతి గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

ఎరుపు చావదు.

పని నేర్పిన గురువు మొదటివారంలోనే చెప్పిన మాట అది. పాత రకం ఎర్రరంగు మీద నేరుగా తెలుపు వేస్తే, ఆ రోజుకు గోడ పాలలా మెరుస్తుంది. కానీ కొత్త రంగులోని నూనె తగిలి కింద ఎరుపు మేలుకుంటుంది. మెల్లగా, ఎండాకాలం తర్వాత ఎండాకాలం, పైకి ఎగబాకుతుంది. అందుకే తెలుపుకు ముందు ఒక పూత వెండిరంగు పూయాలి. దాన్నే పెయింటర్లు ఎరుపును చంపడం అంటారు. పని తెలిసిన ఏ పెయింటరైనా చంపకుండా ముందుకు పోడు.

తను కాదంటే షావుకారు ఇంకొకణ్ని పిలుస్తాడు. వాడు వచ్చి అక్క పేరును చంపేస్తాడు. ఆ అక్షరాలు బతకాలంటే చెరిపేవాడు తనే కావాలి.

"అలాగే షావుకారు గారూ," అన్నాడు. డబ్బాలోంచి తెలుపు ఒక్కటే తీశాడు.

మరి అక్కకు ఎందుకు చెప్పలేదంటారా? అక్క గుసగుసలాడినా మూడో ఇంటికి వినపడుతుంది. బావ నోట్లో నువ్వుగింజ నానదు. వాళ్లకు తెలిస్తే తెల్లారేసరికి షావుకారుకు తెలుస్తుంది. అది ఒక కారణం. రెండోది, అతను తనకు తాను కూడా చెప్పుకోనిది. పగ ఒక్కడిదే అయితే దాని రుచి వేరు. పంచుకుంటే పలచబడుతుంది.

ఇక కాచుకు కూర్చున్నాడు. పొద్దున్నే సైకిలు మీద ఆ వీధిలోంచే పోయేవాడు, పని ఉన్నా లేకపోయినా. తెల్లటి గోడ మీద అల్లుడు తన హోటలుకు పేరని రాయించుకున్న మూడు నీలం మాటలు ఉండేవి. రాసింది తనే. మూడింట్లో ఒక్కటీ తిండికి సంబంధించింది కాదు.

వీధి మారిపోతోంది. గడియారాల షాపు పోయి ఫోన్ల షాపొచ్చింది. టైలరు షాపు పోయి ఆ ఫోన్లకు తొడుగులమ్మే షాపొచ్చింది. మనుషులకు కుట్టే రోజులు పోయి ఫోన్లకు కుట్టే రోజులొచ్చాయన్నమాట. పుస్తకాల కొట్టు ఉన్నచోట డబ్బులు తీసుకునే మిషను గది. అందరికీ ఫ్లెక్సీ బోర్డులే, కంప్యూటరు రాసిన అక్షరాలే. గాలికి చిరిగి తోరణాల్లా వేలాడుతుంటే అతను కింద నిలబడి తృప్తిగా చూసేవాడు. కొత్తగా వచ్చిన ఏ షాపన్నా మూతపడిందని తెలిస్తే ఆ పూట ఒక ముద్ద ఎక్కువ తినేవాడు. అతనికి మిగిలిన పని ఇంటి నంబర్లు, నీళ్ల ట్యాంకులు, 'ఇక్కడ వాహనాలు నిలపరాదు' అనే ముక్కలు. ఆ ముక్కలు ఎంత అందంగా రాసేవాడంటే, చూడ్డానికి జనం అక్కడే వాహనాలు ఆపేవాళ్లు.

అక్క ఇంట్లోనే వండి ఆఫీసులకు క్యారేజీలు పంపుతోంది. బావ సైకిలు మీద మోస్తున్నాడు. బస్టాండు దగ్గర టీ బండి కాడ అప్పుడప్పుడూ కలిసేవాడు.

"అక్క ఎలా ఉంది బావా?"

"మోకాళ్లు నొప్పులు. నోరు క్షేమం."

"నా మాటేమన్నా..."

"నాకు తమ్ముడు లేడు అని రోజుకొక్కసారైనా అంటుంది. లేనివాణ్ని ఇన్నిసార్లు తలుచుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు బావమరిదీ."

పెయింటరుకు నాలుక చివరిదాకా వచ్చేది చెప్పేద్దామని. టీతోపాటు మింగేసేవాడు.

మూడో ఎండాకాలం ఒక పొద్దున సైకిలు ఆపి తలెత్తితే, నీలం అక్షరాల వెనక తెలుపులో ఒక జీర కనిపించింది. పళ్లు తోముకుంటుంటే చిగుళ్లలోంచి వచ్చే నెత్తుటి జీర లాంటిది. కళ్లు నులుముకున్నాడు. 'అ' పొట్ట అది! వారానికి 'క్క'లో మెలిక తేలింది. ఎండలు ముదిరేకొద్దీ గులాబీ రంగు చిక్కబడింది. కాలం మారేలోగా రోడ్డు అవతల నుంచి కూడా చదవొచ్చు: అక్క హోటలు.

షావుకారు కబురు పెట్టాడు. "ఏంటయ్యా ఈ దరిద్రం?"

"చెమ్మ షావుకారు గారూ. పైకప్పు సరిగా బాగు చేయించినట్టు లేదు."

ఆయన మొహం మాడిన మూకుడయింది. ఆ మొహాన్ని పెయింటరు ఇంటికి తీసుకుపోయి నెలరోజులు నంజుకున్నాడు. మళ్లీ తెలుపు పూయించారు. మళ్లీ వెండి లేకుండానే పూసి, నీలం మాటలు తిరిగి రాశాడు. ఈసారి ఎరుపు నాలుగు నెలలకే లేచింది.

ఇంకేముంది, జనం నవ్వుతారు, అల్లుడు బిచాణా ఎత్తేస్తాడు, అప్పుడు అక్కను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపిస్తానని లెక్కలు వేసుకున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం అటుగా పోతే హోటలు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. వడ్రంగి తాత పళ్లు కుట్టుకుంటూ బయటికొస్తున్నాడు.

"ఏమయ్యా పెయింటరూ, అక్క మళ్లీ వచ్చిందటగా! బోర్డు చూసి లోపలికెళ్లాను."

పెయింటరు తాత దారికి అడ్డంగా సైకిలు ఆపాడు. "ఎవరన్నారు తాతా?"

"గల్లాపెట్టె అబ్బాయే. అక్క ఉందా అని అడిగితే, వంటింట్లో బిజీగా ఉందన్నాడు. కూరలో మునుపటి చెయ్యి లేదనుకో. పెద్దదైపోయింది పాపం."

అంతలో అల్లుడు బయటికి వచ్చి నవ్వాడు. "నీ కోసమే చూస్తున్నానన్నా! ఆ పాత పేరు వస్తానంటోంది కదా, రానిద్దాం. దాన్నే ఎర్రగా దిద్దు. మా పేరు కింద చిన్నగా రాస్తే చాలు."

వెనక నుంచి షావుకారు అందుకున్నాడు. "అదృష్టం పట్టేవాడికి గోడలోంచి కూడా పడుతుందయ్యా."

"రేపొస్తాను," అన్నాడు పెయింటరు.

నేరుగా అక్క ఇంటికి పోయాడు. తలుపు తీసింది బావ. చూసి, లోపలికి కేకేశాడు. "ఎవరో వచ్చారే!"

"ఎవరు?"

"లేనివాడు."

లోపల కత్తిపీట మీద కూరగాయలు తరుగుతున్న చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది. "లేనివాడికి పీట వెయ్యి," అంది అక్క. "నేల చల్లగా ఉంది."

పీట మీద కూర్చుని అంతా చెప్పాడు. వెండి పూయకపోవడం, కాచుకు కూర్చోవడం, ఎరుపు లేవడం, తాత మాట, అల్లుడి మాట. అక్క తరగడం ఆపేసింది.

"అంటే, ఆరోజు నా పేరును చంపలేదా నువ్వు?"

"చంపలేదు."

"రోడ్డు మీద నిన్ను చూసి మొహం తిప్పుకున్నప్పుడల్లా నీకు తెలిసే ఉంది?"

"ఊఁ."

"ఒక్క ముక్క చెబితే ఏం పోయేదిరా?"

"చెబితే నువ్వెళ్లి వాడి ముందు నిలబడి నవ్వుతావు. వాడు గోకించేస్తాడు."

"నేనా? నా నోట మాట జారిందెప్పుడు?"

బావ దగ్గాడు.

"నువ్వు దగ్గకు!" అని ఆయన మీద గయ్యిమని, తమ్ముడి వైపు తిరిగింది. మెచ్చుకుంటుందనుకున్నాడు. కళ్లలో నీళ్లున్నాయి గానీ అవి మెచ్చుకునే నీళ్లు కావు. "నీ పగ నీకు బాగానే ఉంది. నాకేం మిగిలింది? వాడు హోటలు ఒక్కటే తీసుకున్నాడు. పేరు నువ్విచ్చావు. నా పేరు వాడి గోడెక్కి వాడికి గిరాకీ పిలుస్తోంది. నేను చెయ్యి పెట్టని కూర తిని, అక్క చెయ్యి పాడైపోయిందని ఊరంతా జాలిపడుతోంది."

మూడేళ్లు పాలుపోసి పెంచిన పాము షావుకారును వదిలేసి అక్క గడపలోనే దూరింది.

"రేపు వెండి పూసి చంపేస్తాను," అన్నాడు చివరికి.

"పూస్తే కిందెక్కడో ఉంటుందిగా? ఉండకూడదు. వాడి గోడలో నాది పిసరంత కూడా ఉండకూడదు."

"గోకాలంటే ఇటుక దాకా పోవాలక్కా."

"పోనీ. గోడ నీదా నాదా? ఎన్నింటికి మొదలుపెడతావు?"

"పొద్దున్నే. జనం రాకముందు."

"వద్దు," అంది అక్క, కత్తిపీట పక్కకు వాల్చి. "పన్నెండున్నరకు."

మర్నాడు అక్క ఎప్పటికన్నా రెండింతలు వండింది. ఎందుకే అని బావ నాలుగుసార్లు అడిగినా చెప్పలేదు. క్యారేజీలు పెందలాడే పంపేసి, మోకాళ్లు పట్టుకుంటూ తమ్ముడి వెంట నడిచింది. క్యారేజీలు ఇచ్చేసి వచ్చిన బావ వాళ్ల వెనక.

నిచ్చెన వెయ్యగానే అల్లుడు బయటికి వచ్చాడు. "భోజనాల వేళ ఇప్పుడేంటన్నా?"

"పాత రంగు గోకకపోతే కొత్త రంగు పట్టదు బాబూ," అన్నాడు పెయింటరు. అందులో అబద్ధమేం లేదు. నిచ్చెన పట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని అల్లుడు ఎవరో కూలిమనిషి అనుకున్నాడు. అక్క హోటలు మీద అన్నాళ్లుగా అన్నం తింటున్నవాడికి అక్క మొహం తెలియదు.

గోకుడు ఇనుము పెట్టి మొదలెట్టాడు. నీలం మాటలు పొట్టులా రాలాయి. తెలుపు, దాని కింద గులాబీ, దాని కింద ఎరుపు. తను రాసిన ఎరుపు, అక్క మీది ప్రేమతో రెండు పూతలు దట్టంగా వేసినది. అక్కడ ఇనుము చాలక సుత్తి, ఉలి తీశాడు. గార పెళ్లలుగా ఊడింది. లోపలికి వెళ్లేవాళ్ల నెత్తిన ఎర్రటి పొడి పడుతోంది. లోపల తింటున్నవాళ్లు కంచాలకు చేతులు అడ్డం పెట్టుకుని బయటికి తొంగి చూశారు.

వడ్రంగి తాత వచ్చి, నిచ్చెన కింద ఆగిపోయాడు. "అక్కా! నువ్వు వంటింట్లో కదా ఉండాలి?"

"ఎవరి వంటింట్లో తాతా? ఈ గడప తొక్కి నాకు మూడేళ్లు దాటింది." అక్క గొంతు ఆ చివర ఫోన్ల షాపు దాకా పోయింది.

"మరి నిన్న తిన్న కూర?"

"అందులో నా చెయ్యి తగిలిందా నీకు?"

"లేదు. వయసైపోయిందనుకున్నాను."

"నీకా, నాకా?"

జనం గొల్లుమన్నారు. అల్లుడు చేతులు నలుపుకుంటూ దగ్గరికొచ్చాడు. "అమ్మా, కొంచెం మెల్లగా మాట్లాడండి."

"నా గొంతే ఇంత నాయనా. వంటింట్లో బిజీగా ఉన్నదాన్ని. ఇప్పుడే బయటికొచ్చాను."

బట్టల షాపులోంచి షావుకారు పరుగున వచ్చాడు, మెళ్లో టేపు ఎగురుతుండగా. "ఒరేయ్! దిద్దమంటే గోడ తవ్వుతావా?"

పెయింటరు దగ్గర ఆ మనిషి కోసం మూడేళ్లుగా అల్లుకున్న పెద్ద ప్రసంగం ఒకటుంది. సైకిలు తొక్కుతూ, నంబర్లు రాస్తూ, ఒక్కో మాటా నూరి పదును పెట్టుకున్నది. నోరు తెరిచాడు. ఇటుక పొడి గొంతులో పడి దగ్గొచ్చింది. దగ్గు ఆగాక మిగిలింది ఇంతే.

"మొదటిసారే చంపాల్సింది షావుకారు గారూ. కావాలనే చంపలేదు. మీ గోడకు చెమ్మ లేదు, నేనే ఉన్నాను."

షావుకారుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమవడం మొహం మీద కనిపించింది. పెయింటరు ఉలి ఆపి, తాపీగా, పైనుంచి కిందికి చూశాడు ఆ మొహాన్ని.

అక్క అప్పటికే అద్దాల తలుపు తోసుకుని లోపలికి వినపడేలా చెబుతోంది. "అక్క కోసం వచ్చినవాళ్లు ఎవరన్నా ఉంటే మా ఇల్లు మూడో సందులో, నీళ్ల ట్యాంకు పక్కన. నేల మీద కూర్చోవాలి. కూర మాత్రం నాదే."

బావకు రెండింతల వంట సంగతి అప్పుడు అర్థమై, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికేసి పరుగెత్తాడు, కంచాలు కడగడానికి. తాత ముందు కదిలాడు. వెనక బ్యాంకు గుమాస్తాలు ఇద్దరు, బస్సు కండక్టరు. తింటున్నవాళ్లలో కొందరు చెయ్యి కడుక్కుని లేచారు, కొందరు కడుక్కోకుండానే. అందరూ లేవలేదు. లేచినవాళ్లు చాలు.

చివరి ఎరుపు ముక్క రాలిపోయాక పెయింటరు కిందికి దిగాడు. తలుపు మీద తొమ్మిది అడుగుల పొడవున ఇటుకలు పళ్లికిలించుకుని ఉన్నాయి.

"గోడ ఎవడు పూస్తాడ్రా?" అని అరిచాడు షావుకారు. "ఈ వీధిలో నీకు ఇక పని పుడితే చూడు!"

"నాకు రంగులే వచ్చు షావుకారు గారూ. సిమెంటు రాదు."

నిచ్చెన భుజాన వేసుకుని జనం వెనక నడిచాడు. అతను వెనక్కి తిరిగి చూడలేదని చెబితే గొప్పగా ఉండేది గానీ, చూశాడు. షావుకారు ఎర్రపొడిలో నిలబడి ఉన్నంతసేపూ, సందు మలుపు దాకా చూస్తూనే నడిచాడు. నిచ్చెన కొస ఎవరి వీపుకో తగిలి, మంచి తిట్లు రెండు తిన్నాడు.